ఊరికంటే పెద్ద స్టేడియం

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాన్స్‌లోని లిల్‌లో ఎం.ఎస్. చేస్తున్నాడు. వచ్చే నెల నేనూ మా ఆవిడా పది రోజులు వాడి దగ్గరికి వెళ్తున్నాం. అందులో ఒక శనివారం మొత్తం లాన్స్ అనే ఊళ్లో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి పెట్టేశాడు, టికెట్లు కూడా కొనేశాడట. నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదు. ఆ ఊళ్లో ఏముందా అని వెతికితే మూతపడ్డ బొగ్గు గనులు అని వచ్చింది. ఆ రోజేదో పారిస్‌కి పెట్టుకుంటే పోయేది కదా అంటోంది మా ఆవిడ. పైగా జనం, తోపులాట అంటే ఆవిడకి టెన్షన్. మీరేమంటారు?
- ఒక రిటైర్డ్ లెక్చరర్

జవాబు: వెళ్లండి సార్. పారిస్ ఎక్కడికీ పోదు, ఇంకో రోజు చూడొచ్చు. మీవాడు మంచి పని చేశాడు, వాడు ఎంచుకున్నది కూడా మామూలు స్టేడియం కాదు.

ఒక్క లెక్క చూడండి. లాన్స్ జనాభా దాదాపు 32 వేలు. అక్కడి బొలార్ స్టేడియంలో సీట్లు 38 వేలు. అంటే పసిపిల్లలతో సహా ఊరంతా వచ్చి కూర్చున్నా ఇంకా కొన్ని వేల సీట్లు మిగులుతాయి. కానీ మ్యాచ్ రోజు మిగలవు, ఎందుకంటే చుట్టుపక్కల గని ఊళ్లన్నీ ఆ రోజు అక్కడికే కదిలి వస్తాయి. జట్టు రెండో డివిజన్‌కి పడిపోయిన సీజన్లలో కూడా జనం రావడం మానలేదు, నాకు ఆ ఊరి మీద గౌరవం కలిగింది ముఖ్యంగా అందుకే.

మూతపడ్డ బొగ్గు గనులు అని మీరు రాసిన ఆ మాటలోనే అసలు కథంతా ఉంది. ఆ స్టేడియం కట్టించింది గని కంపెనీ, కట్టింది గని కార్మికులు. 1933లో ప్రారంభమైంది. ఫెలిక్స్ బొలార్ అంటే ఆటగాడు కాదు, ఆ గని కంపెనీలో వ్యాపార వ్యవహారాలు చూసిన డైరెక్టరు. కార్మికుల ఇళ్లు, బడి, ఆసుపత్రి, గుడి అన్నీ కంపెనీవే అయిన చోట ఆదివారం ఆట కూడా కంపెనీదే అయింది. తర్వాత 1960ల చివర్లో గనుల యాజమాన్యం క్లబ్బు నుంచి చేతులు తీసేసింది, జట్టు ప్రొఫెషనల్ హోదా కూడా పోగొట్టుకుంది. అప్పుడు దాన్ని నిలబెట్టింది మేయరు ఆంద్రే దెలెలిస్, ఆయన వెనక ఉన్న మున్సిపాలిటీ. ఆయన 2012లో పోయాక స్టేడియం పేరులో ఆయన పేరు కూడా చేర్చారు, ఇప్పుడది బొలార్-దెలెలిస్. డైరెక్టరు పేరు పక్కన మేయరు పేరు చూసినప్పుడు ఆ రెండు పేర్ల మధ్య ఏం జరిగిందో మీవాడికి చెప్పండి, వాడికి తెలిసి ఉండకపోవచ్చు.

ఆ ప్రాంతంలో చివరి గని 1990 డిసెంబర్‌లో, ఒన్యీ అనే ఊళ్లో మూతపడింది. అంటే ఇప్పుడు స్టాండుల్లో అరిచే కుర్రాళ్లలో ఎవరూ గనిలోకి దిగినవాళ్లు కారు, వాళ్ల తాతలు దిగారు. ఆ తాతల్లో చాలామంది 1920లలో పోలండ్ నుంచి వలస వచ్చినవాళ్లు. ఫ్రాన్స్ ఫుట్‌బాల్‌లో తొలి పెద్ద స్టార్ రేమో కొపా అలాంటి పోలిష్ కుటుంబంలోనే, లాన్స్‌కి దగ్గర్లోని నో-లే-మీన్‌లో పుట్టాడు. 14 ఏళ్లకే గనిలోకి దిగాడు, ప్రమాదంలో చేతివేళ్లు దెబ్బతిన్నాయి. ఆ మనిషే 1958లో బాలన్ డోర్, అంటే ఏటా ఉత్తమ ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే అవార్డు, అందుకున్నాడు. లాన్స్‌కి మాత్రం ఎప్పుడూ ఆడలేదు, ఆ లోటు అక్కడి పెద్దవాళ్లలో ఇంకా ఉంది.

మీకు ఆట తెలియకపోయినా ఫరవాలేదు, కారణం చెబుతాను. సెకండ్ హాఫ్ మొదలయ్యే సమయానికి మీ సీట్లో మీరు ఉండండి, టీ కోసం బయట క్యూలో ఉండిపోవద్దు. అప్పుడు స్టేడియమంతా లేచి ‘లే కొరోన్’ అనే పాట పాడుతుంది. పియేర్ బాషెలే 1982లో పాడిన పాట. కొరోన్ అంటే గని కార్మికుల కోసం ఒకదానికొకటి ఆనించి కట్టిన ఇటుక ఇళ్ల వరుసలు. పాట కూడా ఆ ఇళ్ల గురించే, బొగ్గు గురించే, నాన్న గురించే. 38 వేల మంది మెడలోని స్కార్ఫులు రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని ఆ పాట పాడుతుంటే, ఒక్క ఫ్రెంచి ముక్క రాని నాకు కూడా గొంతు పట్టేసింది. మీ ఆవిడతో ఈ ఒక్క విషయం చెప్పండి, ఆవిడే బయల్దేరదీస్తారు.

తోపులాట సంగతి. గేటు దగ్గర ఒళ్లు తడిమి చూస్తారు, ఆడవాళ్లని ఆడవాళ్లే చూస్తారు. పెద్ద బ్యాగులు, గాజు సీసాలు తీసుకెళ్లకండి. మామూలు స్టాండుల్లో మద్యం ఉండదు, ఫ్రాన్స్‌లో దానికి చట్టమే ఉంది, అమ్మే బీరు కూడా ఆల్కహాల్ లేనిదే. ఒకటి మాత్రం ఇప్పుడే మీవాడిని అడగండి: సీట్లు ఏ స్టాండులో? చాలా ఊళ్లలో గట్టిగా అరిచే అభిమానులు గోలు వెనక ఉంటారు, లాన్స్‌లో మాత్రం పక్కవాటు స్టాండులో, మారెక్ అనే దానిలో ఉంటారు. అక్కడ మ్యాచ్ అయ్యేదాకా నిలబడే ఉంటారు, జెండాలు ఊపుతారు, మోకాళ్ల నొప్పులుంటే కష్టం. సీట్లు అక్కడే అయితే మార్చమనండి. రన్నింగ్ ట్రాక్ లేదు కాబట్టి మిగతా మూడు వైపులా ఎక్కడ కూర్చున్నా ఆటగాళ్లు దగ్గరగానే కనిపిస్తారు.

ఇంకో మాట, మీవాడు లిల్‌లో ఉంటున్నాడు కాబట్టి తప్పక చెప్పాలి. లిల్ జట్టుకీ లాన్స్‌కీ పాత పోటీ, ‘దెర్బీ దు నోర్’ అంటారు. లిల్ చొక్కా, లిల్ స్కార్ఫు ఇంట్లోనే పెట్టి రమ్మనండి. లాన్స్ రంగులు ఎరుపు, పసుపు. 1906లో క్లబ్బు పెట్టినప్పుడు ఆకుపచ్చ, నలుపు ఉండేవి, నలుపు బొగ్గుకి గుర్తు. 1920లలో క్లబ్బు అధ్యక్షుడు మొదటి ప్రపంచ యుద్ధంలో కూలిన చర్చి శిథిలాల పక్కగా నడుస్తుంటే, ఈ ఊళ్లో స్పెయిన్ పాలనకి మిగిలిన చివరి గుర్తు ఇదేనని ఎవరో అన్నారట, అందుకే స్పెయిన్ జెండా రంగులు తీసుకున్నారని ఊళ్లో చెప్పుకుంటారు.

లిల్ నుంచి రైల్లో ముప్పావు గంట ప్రయాణం. దిగాక స్టేషన్‌ని ఒకసారి వెనక్కి తిరిగి చూడండి, ఆవిరి ఇంజన్ ఆకారంలో కట్టారు, గడియారం ఉన్న బురుజు పొగగొట్టం అన్నమాట. అక్కడి నుంచి స్టేడియానికి నడకే, దారి అడగక్కర్లేదు, స్కార్ఫుల వెంట పోవడమే. రాత్రి మ్యాచ్ అయితే తిరుగు రైలు ఎన్నింటికో ముందే చూసి పెట్టుకోండి.

ప్రశ్న: మేం జూలైలో వెళ్తున్నాం, అప్పుడు మ్యాచ్‌లు ఉండవట. అయినా లాన్స్ వెళ్లొచ్చా?

జవాబు: స్టేడియం ఒక్కదాని కోసమైతే నేను వెళ్లమనను. ఖాళీ బొలార్‌ని బయటి నుంచి చూస్తే నాలుగు విడి స్టాండులు, కాంక్రీటు, ఇనుము, అంతే. 1998 ప్రపంచ కప్‌లో పరాగ్వే మీద లొరాన్ బ్లాన్ కొట్టిన గోలు, ప్రపంచ కప్ చరిత్రలో మొదటి గోల్డెన్ గోల్ (అదనపు సమయంలో పడగానే మ్యాచ్ ముగిసిపోయే గోలు), ఇక్కడే పడింది. అదే ఏడాది లాన్స్ మొదటిసారి, ఇప్పటిదాకా ఒకే ఒక్కసారి, ఫ్రాన్స్ చాంపియన్ అయింది. ఇవి తెలిసి అభిమానంతో వెళ్లేవాళ్లకి ఖాళీ మైదానం కూడా బాగానే ఉంటుంది. గైడెడ్ టూర్ ఉందేమో క్లబ్బు వెబ్‌సైట్‌లో చూడండి.

మిగతావాళ్లు రోజంతా పెట్టుకుని ఇలా తిరగండి. పాత గని స్థలంలోనే 2012లో లూవ్ర్ మ్యూజియం శాఖ పెట్టారు, స్టేడియం నుంచి నడిచి పోవచ్చు, ప్రధాన గ్యాలరీకి టికెట్ లేదు, మంగళవారం సెలవు. తర్వాత లోస్-ఆన్-గోయెల్‌లోని జంట గుట్టలు ఎక్కండి. గనుల్లోంచి తీసి పోసిన వ్యర్థంతోనే కొండలయ్యాయవి, ఆ గని ప్రాంతాన్నంతా 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. పైనుంచి చూస్తే కొరోన్ల వరుసలు, వాటి మధ్యలో ఓడలా స్టేడియం. లాన్స్‌ని నేను అర్థం చేసుకున్నది అక్కడ నిలబడే.

ప్రశ్న: శాకాహారులం. స్టేడియం దగ్గర తినడానికి ఏమైనా దొరుకుతుందా?

జవాబు: అక్కడ అందరూ తినేది బండి మీద అమ్మే ఫ్రిట్, అంటే మనం ఫ్రెంచ్ ఫ్రైస్ అనేవి. బంగాళాదుంపే కదా అనుకోకండి. ఉత్తర ఫ్రాన్స్‌లో చాలాచోట్ల వాటిని గొడ్డు కొవ్వులో వేయిస్తారు, రుచి దానివల్లే అని గర్వంగా చెబుతారు కూడా. నూనెలో వేయించారా అని అడిగి కొనండి, లేదా తిని బయల్దేరండి.

ప్రశ్న: మాకు పారిస్‌లో రెండే రోజులు. అక్కడే చూడదగ్గ పాత స్టేడియం ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. పారిస్‌కి ఆనుకుని సాంత్-వాన్‌లో, రెడ్ స్టార్ క్లబ్బు మైదానం, స్టాద్ బోవేర్. మెట్రో 14లో మెరీ ద సాంత్-వాన్ దగ్గర దిగి నడవాలి. 1909 నుంచి ఉంది. క్లబ్బుని 1897లో పెట్టినవాళ్లలో జూల్ రిమే ఒకరు, తర్వాత ప్రపంచ కప్‌కి ప్రాణం పోసింది ఆయనే. ఈమధ్య కొత్త స్టాండులు కట్టారు కాబట్టి పాత ఫొటోలు చూసి అదే కనిపిస్తుందని వెళ్లకండి.

బోవేర్ అనేది పక్క వీధి పేరు, 1942లో జర్మన్లు కాల్చి చంపిన ఒక డాక్టరుది. ఒక స్టాండుకి రీనో దెల్లా నెగ్రా పేరుంది. రెడ్ స్టార్ ఆటగాడు, ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ల కొడుకు, రహస్యంగా నాజీల మీద పోరాడుతూ దొరికిపోయాడు. 1944 ఫిబ్రవరి 21న కాల్చేశారు, అప్పటికి 20 ఏళ్లు. చనిపోయే ముందు తమ్ముడికి రాసిన ఉత్తరంలో రెడ్ స్టార్ వాళ్లందరికీ తన నమస్కారం చెప్పమన్నాడు. అతను పుట్టిన ఊరు విమీ, లాన్స్‌కి పక్కనే.