సౌదీలో షూరా ఆమోదిస్తే చట్టం వచ్చినట్టేనా?

"షూరా కౌన్సిల్ ఓకే చేసిందని వాట్సాప్‌లో వచ్చింది, ఇక రూల్ మారినట్టేనా? షూరా అంటే వాళ్ళ పార్లమెంటే కదా?" అని అడిగారు. కాదండీ. షూరా సలహా ఇస్తుంది, అంతే. గల్ఫ్ వెళ్ళేవాళ్ళ కాగితాలు రోజూ చూసే పని కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్తాను.

షూరాలో స్పీకర్ కాక 150 మంది ఉంటారు. ఎన్నికల్లేవు, అందర్నీ రాజే నియమిస్తారు. పదవీకాలం నాలుగు హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) సంవత్సరాలు. 2013 నుంచి కనీసం ఐదో వంతు మహిళలు ఉండాలి. ముసాయిదా చట్టాలు, ఒప్పందాలు, మంత్రిత్వ శాఖల వార్షిక నివేదికలు కమిటీల్లో పరిశీలించి తీర్మానం చేస్తారు. అది రాజు దగ్గరికి వెళ్తుంది. కేబినెట్‌దీ అదే మాటైతే రాజు ఆమోదంతో బయటికొస్తుంది. తేడా వస్తే ఫైలు మళ్ళీ షూరాకు వెళ్తుంది, ఆపైన తేల్చేది రాజే.

అసలు బరువు కేబినెట్‌ది. 2022 సెప్టెంబరు నుంచి యువరాజే ప్రధానమంత్రి, అంతకుముందు ఆ పదవి రాజు దగ్గరే ఉండేది. 2015లో కేబినెట్ కింద రెండు మండళ్ళు పెట్టారు: ఒకటి రాజకీయ, భద్రతా వ్యవహారాలకు, రెండోది ఆర్థిక, అభివృద్ధి వ్యవహారాలకు. ఉలేమాల (మత పండితుల) మండలి, వారసత్వం చూసే బైఅత్ మండలి వేరే ఉన్నాయి. మన ఇకామా (నివాస అనుమతి కార్డు), జీతం గొడవలకు వాటితో పని పడదు.

మీరు చూడాల్సింది కాగితం మీది నంబరు. ముందు "మీమ్" అనే అరబిక్ అక్షరం ఉంటే రాజ శాసనం, అంటే కేబినెట్ దారిలో వచ్చిన చట్టం. 2005 నాటి కార్మిక చట్టం మీమ్/51. "అలిఫ్" ఉంటే రాజు నేరుగా ఇచ్చిన ఆజ్ఞ. 1992లో పాలనా మౌలిక చట్టం అలిఫ్/90గా, షూరా చట్టం అలిఫ్/91గా వచ్చాయి. రెండూ లేకపోతే అది కేబినెట్ తీర్మానమో మంత్రి ఉత్తర్వో అయ్యుంటుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. 2021 మార్చి 14 నుంచి కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) అనుమతి లేకుండా కంపెనీ మారే వీలు కల్పించింది మంత్రిత్వ శాఖ నిర్ణయమే. ఇంటి పనివాళ్ళు, ఇంటి డ్రైవర్లు మాత్రం దాని కిందికి రాలేదు. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతింటున్నారు, ఏజెంట్ మాట నమ్మి.

షూరాలో చర్చ జరిగినంత మాత్రాన ఏమీ మారదనడానికి 2017 జనవరే సాక్ష్యం. ప్రవాసులు ఇంటికి పంపే డబ్బు మీద 6 శాతం వరకు రుసుము వెయ్యాలన్న ప్రతిపాదన అక్కడ చర్చకు వచ్చింది. ఆ వార్త మన ఊళ్ళదాకా పాకింది. అలాంటి రుసుమేమీ లేదని ఆర్థిక శాఖ ఆ నెలలోనే ప్రకటించింది.

చివరిగా తేదీ. చట్టం "ఉమ్ అల్ ఖురా" గెజెట్‌లో అచ్చయ్యాక కూడా అమలు తేదీ వేరే ఉండొచ్చు. 2024 ఆగస్టులో అచ్చయిన కార్మిక చట్ట సవరణలు 180 రోజుల తర్వాత, 2025 ఫిబ్రవరిలో గానీ అమల్లోకి రాలేదు. కాబట్టి రాజీనామా లెటర్ ఇచ్చే ముందు గెజెట్ ప్రతిలో నంబరు, అచ్చయిన తేదీ, అమలు తేదీ మూడూ చూపించమని అడగండి. హిజ్రీ తేదీ ఉంటే ఇంగ్లీషు తేదీలోకి మార్చుకుని రాసిపెట్టుకోండి.