అరసవల్లి దర్శనం అయ్యాక ఎక్కడ తినాలంటే

బుజ్జీ,

మార్చి రెండో వారంలో మీ అత్తగారినీ మావగారినీ, మీ అమ్మనీ, పిల్లలిద్దరినీ తీసుకుని అరసవల్లి, శ్రీకూర్మం, ముఖలింగం చూపించడానికి వస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. రైలు టిక్కెట్లు నువ్వే తీశావట, బండి నువ్వే మాట్లాడావట. ఎంత గర్వంగా అనిపించిందో తల్లీ. ఒక్క ముద్ద తినిపించాలంటే వీధి చివరిదాకా ఎత్తుకుని తిరగాల్సి వచ్చేది నిన్ను. ఆ పిల్ల ఇప్పుడు ఇంతమందిని యాత్రకి తీసుకొస్తోంది.

దర్శనం వేళలు, పూజ టిక్కెట్లు, గోత్రనామాలు అన్నీ కాగితం మీద రాసుకున్నావట. మరి భోజనాల సంగతేమిట్రా అని అడిగితే, "దానికేముంది అక్కా, దారిలో ఎక్కడో ఒక చోట తింటారు" అన్నాడు మీ నాన్న. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

నీళ్ళ సీసాలు, గొడుగులు, మందులు నీకు చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది టౌన్లో కాదు, ఆమదాలవలసలో. బండి అతన్ని అక్కడికే రమ్మను. శ్రీకాకుళంలో ముందు రోజు రాత్రి తేలిగ్గా ఇడ్లీ తిని పడుకోండి. అంతే.

అసలు సంగతికి వస్తాను. నువ్వు ఎంచుకున్నవి మామూలు రోజులు కావు. అరసవల్లిలో సూర్యకిరణాలు గర్భగుడిలోకి వచ్చి సూర్యనారాయణ స్వామి పాదాలను తాకేది ఏడాదికి రెండుసార్లే, మార్చి 9, 10 తేదీల్లో, మళ్ళీ అక్టోబరు 1, 2 తేదీల్లో. అది చూడాలని జనం చీకటితోనే వచ్చి నిలబడతారు. మీరూ నాలుగింటికే లేచి తలస్నానాలు చేసి, ఏమీ తినకుండా బయల్దేరతారు. గుడి బయటికి వచ్చేసరికి ఏడున్నరో ఎనిమిదో అవుతుంది. పిల్లలు ఆకలి అని ఏడుస్తారు కాబట్టి వాళ్ళ గురించి భయం లేదు. పెద్దవాళ్ళు నోరు విప్పరు. "పర్లేదమ్మా, దర్శనాలన్నీ అయ్యాకే తిందాం" అంటారు. మీ అత్తగారికి షుగర్ ఉందని మీ నాన్న చెప్పాడు. అందుకే నీకు ఎప్పుడూ చెప్పని ఒక సంగతి ఇప్పుడు చెప్పాల్సి వస్తోంది.

నువ్వు మీ అమ్మ ఒళ్ళో ఉన్నప్పటి మాట. మాఘమాసంలో ఒక ఆదివారం మేమంతా ఇలాగే అరసవల్లి, శ్రీకూర్మం చూద్దామని బయల్దేరాం. మీ నాన్నకి కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజులు. వాళ్ళమ్మని మొదటిసారి కారులో తీసుకెళ్తున్నానని ఎంత సంబరమో వాడికి. మాఘ ఆదివారం అంటే తెలుసుగా, గుడి చుట్టూ పిడకల మంటల మీద క్షీరాన్నం పొంగుతూ ఉంటుంది, అడుగు పెట్టే సందు ఉండదు. దర్శనం అయ్యేసరికి పది దాటింది. బయట ఎవరో భక్తులు షామియానా వేసి అన్నదానం చేస్తున్నారు. అడ్డాకు విస్తళ్ళలో వేడి అన్నం, ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు. మీ నానమ్మ అక్కడ ఆగిపోయింది. "ఇక్కడ కూర్చుందాంరా, సూర్యుడి దగ్గర పెట్టిన అన్నం" అంది. మీ నాన్నకి అది చిన్నతనంగా అనిపించింది. "అది లేనివాళ్ళకి పెడుతున్నారమ్మా, మనం డబ్బులు పెట్టి తినగలం కదా" అన్నాడు. కొడుకు మాట కాదనలేక "సరే నాన్నా, పర్లేదు" అని కారెక్కేసింది.

ఆవిడ పొద్దున్నే కాఫీతో షుగర్ మాత్ర వేసుకుంది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

శ్రీకూర్మం చేరేసరికి మధ్యాహ్నం తలుపులు వేసేశారు. మళ్ళీ తీసేదాకా మండపంలో కూర్చున్నాం. నేను బిస్కెట్లు ఇస్తే ఆదివారం నియమం అని ఆవిడ ముట్టుకోలేదు. దర్శనం అయ్యేసరికి నాలుగు. గుడి ఎదురుగా ఒక పాక హోటల్లో అన్నం ఉడుకుతోంది. ఆ బల్లలు చూసి మీ నాన్న వద్దన్నాడు. హైవే మీద అద్దాల తలుపుల హోటల్ ఒకటి కొత్తగా పెట్టారు, అక్కడికి పోదాం అన్నాడు. వెళ్ళాం. ఆర్డర్ తీసుకుని వెళ్ళిన కుర్రాడు అరగంటకి వచ్చి, మీల్స్ అయిపోయాయి, ఫ్రైడ్ రైస్ ఉంది అన్నాడు. అదీ ఇంకో పావుగంట. ఈలోగా మీ నానమ్మకి ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. బల్ల మీద తల ఆనించేసింది. అక్కడి మేనేజరు వచ్చి, మిగతా కస్టమర్లు భయపడుతున్నారు, బయటికి తీసుకెళ్ళండి అన్నాడు. ఆ మాట నేను ఈ జన్మలో మరిచిపోలేను. బయట టీ బండి ఆవిడ పరుగెత్తుకొచ్చి, నీళ్ళలో ఇంత పంచదార కలిపి గుక్క గుక్కగా తాగించింది. పది నిమిషాలకి మనిషి తేరుకుంది. కళ్ళు తెరిచి మొదట అడిగింది నీ గురించే, "చంటిదానికి పాలు పట్టారా" అని.

మీ నాన్నని నీ ముందు చిన్నబుచ్చాలని చెప్పట్లేదు. వాడు చేసినదంతా అమ్మని గొప్పగా చూసుకోవాలన్న కోరికతోనే. ఆ సంగతి ఎత్తాల్సి వస్తుందనే నా దగ్గర భోజనాల మాట దాటేశాడు. వాణ్ణి అడగకు. నువ్వు మాత్రం మీ అత్తగారి డాక్టరుకి ముందే ఫోన్ చేసి, పరగడుపున ఉండే రోజు మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కనుక్కో. నీ హ్యాండ్‌బ్యాగులో గ్లూకోజ్ పొడి పెట్టుకో. మరిచిపోయావంటే నిజంగా తిడతాను.

ఇక ఎక్కడ తినాలి అన్నదానికి నా పద్ధతి చెప్తాను. హోటల్ పేర్లు రాయను. వంటమనిషి మారితే హోటల్ మారిపోతుంది, రెండేళ్ళ కిందట బాగున్నది ఇవాళ బాగుండాలని లేదు. అక్కడ రోజూ తినేవాళ్ళు ఎవరో చూడు. గుడి గుమ్మం ఎదుట ఉండే హోటల్‌కి వచ్చినవాడు మళ్ళీ రాడు, బాగా లేకపోయినా వాడికి నష్టం లేదు. అదే కోర్టు గుమాస్తాలు, మెడికల్ రెప్‌లు, బ్యాంకు వాళ్ళు నెలవారీగా తినే మెస్సులో ఒక్కరోజు పప్పు మాడినా మర్నాడు మాట పడాలి. వాళ్ళు జాగ్రత్తగా వండుతారు. నూనె కూడా తక్కువ. కాకపోతే మీరు వచ్చే రోజుల్లో ఒకటి ఆదివారం. ఆఫీసులు ఉండవు కాబట్టి అలాంటి మెస్సులు చాలావరకు మూసేస్తారు. అప్పుడు ఆర్టీసీ కాంప్లెక్సు వైపో ఆసుపత్రులు ఉన్న వీధుల్లోనో చూడాలి, అక్కడ ఆదివారం కూడా రోజూ తినేవాళ్ళు ఉంటారు. ఆదివారం సగం హోటళ్ళలో మాంసం వంటలే నడుస్తాయి. మీ అత్తగారికి పట్టింపు కాబట్టి శాకాహారం మాత్రమే వండే చోటే చూడు.

లోపలికి వెళ్ళగానే కూర్చోవద్దు. చేతులు కడుక్కునే చోటు చూడు, బల్ల తుడిచే గుడ్డ చూడు. ఆ రెండూ బాగుంటే వంటగది కూడా బాగుంటుంది. పక్క బల్ల మీద అన్నం పొగలు కక్కుతోందో లేదో చూడు. పెద్ద లిస్టు చూసి మురిసిపోవద్దు, పప్పు, ఒక కూర, పులుసు, పెరుగు అని నాలుగే ఉన్న చోట అవి ఆ పూటవే అయి ఉంటాయి. పొద్దున టిఫిన్‌కి కూడా అంతే, ఇడ్లీ వాయి దిగుతున్న చోట తినండి. ఎండ ముదిరాక కొబ్బరి చట్నీ వద్దు, అల్లం పచ్చడో కారప్పొడో అడుగు. డ్రైవర్ని మాత్రం అడగకు. పార్టీని తీసుకొస్తే కొన్ని హోటళ్ళలో వాళ్ళకి భోజనం ఫ్రీ, వాళ్ళు అక్కడికే తీసుకెళ్తారు. పూలమ్మే ఆవిణ్ణి అడుగు, మధ్యాహ్నం నువ్వెక్కడ తింటావమ్మా అని. అరసవల్లి గుడి తరపున నిత్యాన్నదానం ఉంది. ఆ వేళకి అక్కడ ఉంటే మొహమాటపడకుండా అందరూ కూర్చోండి. పిల్లలకి పంక్తి భోజనం తెలియాలి.

వేళలు ఇలా పెట్టుకో. ఎనిమిదిన్నరకల్లా టిఫిన్ ముగిస్తే పదిలోపు శ్రీకూర్మంలో ఉంటారు, టౌన్ నుంచి 15 కిలోమీటర్ల లోపే. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, రెండు ధ్వజస్తంభాలు ఉంటాయి, పిల్లలకి చూపించు. అక్కడ పెంచే తాబేళ్ళ దగ్గర వాళ్ళు కదలరు, దానికి ఒక అరగంట కలుపుకో. పదకొండున్నరకి బయల్దేరిపోవాలి. పన్నెండున్నరకి విస్తరి ముందు కూర్చుంటే మొదటి వాయి అన్నం దొరుకుతుంది. రెండున్నర దాటితే అడుగున మిగిలిందే పెడతారు. క్యూ కదలకపోతే వెనక్కి వచ్చేసి తినండి, సాయంత్రం తలుపులు తీశాక చూడొచ్చు. కూర్మనాథుడు ఎక్కడికీ పోడు.

ప్రసాదాల పులిహోర మధ్యాహ్నం దాకా బండిలో ఉంచినా ఫర్వాలేదు. దద్ధోజనం, చక్కెర పొంగలి కొన్న చోటే తినేయండి.

ముఖలింగం అదే రోజు పెట్టుకున్నావట. వద్దు. టౌన్ నుంచి సుమారు 45 కిలోమీటర్లు, వంశధార ఒడ్డున చిన్న ఊరు. మధుకేశ్వరుడి గుడి చెక్కడాలు చూస్తే మీ మావగారు గంట దాకా బయటికి రారు. గాంగరాజుల కళింగనగరం అదేనంటారు, ఆయనకి చరిత్ర ఇష్టం కదా. కాబట్టి రెండో రోజు పొద్దున్నే వెళ్ళండి. భోజనానికి అక్కడి హోటళ్ళని నమ్ముకోవద్దు. వెళ్ళేటప్పుడు నరసన్నపేటలో టిఫిన్ తిని, ఏదైనా మంచి చోటు చూసుకుని ఆరుగురికి ఒంటిగంటకి భోజనం కావాలని చెప్పేసి, ఫోన్ నంబరు తీసుకుని వెళ్ళండి. తిరుగు దారిలో బయల్దేరేటప్పుడు ఒకసారి ఫోన్ చెయ్యి. ఎండాకాలం మొదలవుతోంది కాబట్టి దారిలో చోడి అంబలి, అంటే రాగి అంబలి, బండ్లు కనిపిస్తాయి. కుండ మీద మూత, గ్లాసులు కడిగే నీళ్ళు శుభ్రంగా ఉంటే మజ్జిగ పోయించి అందరికీ తాగించు.

మీ మావగారు సముద్రం దగ్గరికి వచ్చాం, చేపలు తినాలంటారేమో. దర్శనాలు పూర్తయ్యేదాకా ఆగమని నేనన్నానని చెప్పు. మూడో రోజు మీ మకాం మా ఇంట్లోనే కదా, చేపల పులుసు నేను పెడతాను. మీ అత్తగారికి వేరే పొయ్యి మీద, వేరే గిన్నెల్లో పనసపొట్టు కూర ఆవ పెట్టి చేస్తాను. ఆవిడకి ఆవఘాటు పడుతుందో లేదో, ఉల్లి వెల్లుల్లి తింటారో లేదో కనుక్కుని ఈ శుక్రవారంలోగా ఫోన్ చెయ్యి. పనసకాయ కొట్టించడానికి మనిషికి ముందే చెప్పాలి.

నీ మేనత్త