బెంచ్ ప్రెస్ చేస్తే జబ్బ నొప్పి. రెస్ట్ తీసుకుంటే తగ్గుతుంది, మొదలుపెడితే మళ్లీ వస్తుంది. ఏం చేయాలి?

ప్రశ్న అడిగిన తమ్ముడిది మహబూబ్‌నగర్. పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు (పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ పరీక్షలకు) తయారవుతున్నాడు. పొద్దున గ్రౌండ్‌లో షాట్‌పుట్, అంటే గుండు విసరడం; సాయంత్రం జిమ్‌లో బెంచ్ ప్రెస్, అంటే బెంచ్ మీద వెల్లకిలా పడుకుని బరువున్న రాడ్‌ను పైకి నెట్టడం. రెండు నెలలుగా కుడి భుజం నొప్పి. పదిహేను రోజులు అన్నీ మానేస్తే తగ్గిందట, మళ్లీ మొదలుపెట్టిన నాలుగో రోజే తిరిగి వచ్చిందట. "ఇంకా ఎన్ని రోజులు రెస్ట్ తీసుకోవాలి?" అని అడిగాడు.

తమ్ముడూ, రెస్ట్ రోజులు పెంచినంత మాత్రాన ఈ నొప్పి పోదు. ఏడాది పోగొట్టుకుని నేను తెలుసుకున్న సంగతి ఇది. నేను డాక్టర్‌ని కాదు, ట్రైనర్‌ని కూడా కాదు. నల్లగొండలో ఎరువులు, విత్తనాల దుకాణం నడుపుతాను. చాలా ఏళ్లుగా జిమ్‌కు వెళ్తున్నాను. నీకు జరుగుతున్నదే 2019లో నాకూ జరిగింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అప్పుడు నాకు 31 ఏళ్లు. వానాకాలం సీజన్ మొదలైతే మా దుకాణంలో ఊపిరి ఆడదు. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ బస్తా 50 కిలోలు. హమాలీలు ఉన్నా అందరికీ ఒకేసారి అందరు. రైతు ఆటో తెచ్చి నిలబడితే నేనే భుజాన వేసుకుని ఎక్కించేవాణ్ని. రోజుకు ముప్పై, నలభై బస్తాలు నా మీదుగా పోయేవి. సరిగ్గా అదే నెలలో బెంచ్ ప్రెస్‌లో 100 కిలోలు ఎత్తాలని పట్టుబట్టాను. అప్పటికి 80 కిలోలు ఐదుసార్లు ఎత్తేవాణ్ని. వారానికి మూడు రోజులు బెంచ్, రెండు రోజులు షోల్డర్ ప్రెస్, అది కూడా రాడ్‌ను మెడ వెనక్కి దించుతూ.

కలుక్కుమనలేదు. ఏదో తెగినట్టు చప్పుడూ రాలేదు. జబ్బ బయటి వైపు, చొక్కా చేతి కుట్టుకు కొంచెం కింద, సన్నటి సలుపుగా మొదలైంది. రెండు వారాల్లో ఆ వైపు తిరిగి పడుకోలేని స్థితి వచ్చింది. చొక్కా వేసుకోవాలంటే ముందు ఆ చెయ్యి దూర్చాలి, తర్వాతే రెండోది. పై అరలో ఉన్న పురుగుమందు డబ్బా తీయాలంటే ఎడమ చెయ్యే దిక్కు.

మూడు వారాలు నొప్పి బిళ్ళ వేసుకుని జిమ్‌కు వెళ్లాను. ఈ పని మాత్రం నువ్వు చేయొద్దు. బిళ్ళ వేసుకుంటే నొప్పి కనిపించకుండా పోతుంది, లోపల దెబ్బ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఎక్కడ ఆగాలో చెప్పే గొంతును మనమే నొక్కేసినట్టు. ఆ తర్వాత ఎవరో చెబితే ఒక పైల్వాన్ దగ్గర మాలీష్ చేయించుకున్నాను. చెయ్యి వెనక్కి విరిచి "నరం పట్టేసింది" అని గట్టిగా గుంజాడు. మర్నాటికి జబ్బ నల్లగా కమిలింది, నొప్పి రెట్టింపైంది. అప్పుడు భయపడి ఆరు వారాలు అన్నీ మానేశాను. నొప్పి దాదాపు పోయింది. సంతోషంగా వెళ్లి 70 కిలోలతో మొదలుపెట్టాను. రెండో వారంలో మళ్లీ అదే చోట, అదే సలుపు. నువ్వు ఇప్పుడు ఉన్నది ఇక్కడే.

ఎందుకిలా అవుతుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. చిన్నప్పుడు బళ్లో నోట్లో స్పూన్ పెట్టుకుని, దాని మీద నిమ్మకాయ నిలుపుకుని నడిచే పోటీ ఉండేది కదా. భుజం కీలు అలాంటిది. తుంటి కీలు లోతైన గిన్నెలో కూర్చుంటుంది, అందుకే అది అంత తేలిగ్గా జారదు. భుజంలో చేతి ఎముక తల నిమ్మకాయంత గుండ్రంగా, పెద్దగా ఉంటుంది. అది ఆనుకునే గుంట స్పూన్ అంత లోతులేనిది. చెయ్యి అన్ని వైపులా తిరగడానికే అది అలా ఉంది. ఆ నిమ్మకాయ పక్కకు జారకుండా ముందు, పైన, వెనుక నుంచి పట్టి ఉంచే నాలుగు చిన్న కండరాలను కలిపి రొటేటర్ కఫ్ అంటారు. వాటిలో పైభాగాన ఉండే సుప్రాస్పైనేటస్ అనే కండరం తాలూకు టెండన్ ఎక్కువగా దెబ్బతింటుంది. టెండన్ అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడు లాంటిది. మన దగ్గర దీన్నే "నరం" అనేస్తారు, కానీ నరం వేరు, ఇది వేరు. గుంజితే, నలిపితే సర్దుకునేది కాదు.

కండరంతో పోలిస్తే టెండన్‌కు రక్తం తక్కువ అందుతుంది. అందుకే నెమ్మదిగా మానుతుంది, నెమ్మదిగానే బలపడుతుంది. ఛాతీ కండరం కొన్ని నెలల్లోనే పెరిగి ఎక్కువ బరువు నెట్టగలదు. ఈ చిన్న తాళ్లు అంత వేగంగా తయారు కావు. పూర్తిగా రెస్ట్ ఇస్తే మంట తగ్గుతుంది, నిజమే. కానీ పని లేని టెండన్ ఇంకా బలహీనపడుతుంది. బరువు మాత్రం పాత బరువే. బలం తగ్గిన తాడు మీద పాత బరువు వేస్తే ఏమవుతుందో నేను స్వయంగా చూశాను. దెబ్బ తగిలితే రెస్ట్, ఐస్, బిగుతుగా కట్టు, ఆ భాగాన్ని ఎత్తులో ఉంచడం అనే సలహాకు 1978లో ఇంగ్లీష్ మొదటి అక్షరాలతో రైస్ (RICE) అనే పేరు పెట్టిన అమెరికా డాక్టర్ గేబ్ మిర్కినే, పూర్తి రెస్ట్, ఐస్ మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తర్వాతి కాలంలో తన మాట మార్చుకున్నాడు.

ఇక నా సంగతి. ఎముకల డాక్టర్ ఎంఆర్ఐ తీయించాడు. రిపోర్ట్‌లో "పార్షియల్ టేర్", అంటే టెండన్ కొంత చిరిగింది, అని చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆపరేషన్ తప్పదనుకున్నాను. డాక్టర్ నెమ్మదిగా చెప్పాడు: ఏ నొప్పీ లేని మనుషులకు ఎంఆర్ఐ తీసినా చాలామందిలో ఇలాంటి చిరుగులు కనిపిస్తాయి, వయసు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ; కాగితం కన్నా చెయ్యి ఎంత పని చేస్తుందో ముఖ్యం; ముందు మూడు నెలలు ఫిజియోథెరపీ చెయ్యి, ఆ తర్వాత చూద్దాం. స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి నేనే అడిగాను. నొప్పి కొన్ని వారాలు తగ్గుతుంది కానీ, పదే పదే వేయించుకుంటే టెండన్ బలహీనపడుతుందని చెబితే వద్దనుకున్నాను.

ఫిజియో మేడమ్ నా చెయ్యి అన్ని వైపులా తిప్పి చూసింది. పక్క నుంచి పైకి ఎత్తుతుంటే నడుములోతు దాటాక నొప్పి మొదలై, తల దాకా పోయేసరికి తగ్గుతోంది. అది చూశాక ఆమె జిమ్ గురించి అడగలేదు. "రోజుకు ఎన్ని బస్తాలు మోస్తారు?" అని అడిగింది. నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. జిమ్ లెక్క జిమ్‌ది, దుకాణం లెక్క దుకాణానిది అనుకున్నాను. భుజానికి అన్నీ కలిపి ఒకటే లెక్క.

అందుకే నిన్ను కూడా అదే అడుగుతాను. పొద్దున గుండు ఎన్నిసార్లు విసురుతున్నావు? పురుషులకు 7.26 కిలోల గుండు. రోజూ నలభై, యాభైసార్లు విసిరి, సాయంత్రం బెంచ్, మధ్యలో దండీలు కూడా తీస్తే, ఆ జబ్బకు ఊపిరి తీసుకునే రోజే లేదు. బెంచ్ ప్రెస్ ఒక్కదాన్నే తప్పుపట్టి లాభం లేదు.

నాకు మొదటి రెండు వారాలు చెప్పినవి చాలా చిన్న పనులు. తల పైకి ఏదీ ఎత్తొద్దు, భుజాన బస్తా వద్దు. బల్ల మీద ఎడమ చెయ్యి ఆనించి ముందుకు వంగి, కుడి చేతిని గంట ఊగినట్టు మెల్లగా ఊపాలి. మోచెయ్యి ఒంటికి ఆనించి తొంభై డిగ్రీలు మడిచి, గోడ పక్కన నిలబడి అరచేతి వెనుక భాగంతో గోడను నెట్టాలి. చెయ్యి కదలకూడదు, 30 నుంచి 45 సెకన్లు అలాగే పట్టి ఉంచాలి, ఐదుసార్లు. తిరిగి నిలబడి అరచేతితో లోపలికి కూడా అలాగే. కదలకుండా బలం పెట్టే ఈ పద్ధతితో నాకు నొప్పి కూడా తగ్గింది. రాత్రి వెల్లకిలా పడుకుని కుడి మోచెయ్యి కింద మడిచిన దుప్పటి పెట్టుకున్నాను. నాలుగో రాత్రి నుంచి తెల్లారేదాకా నిద్ర పట్టింది.

మూడో వారం నుంచి రబ్బరు బ్యాండ్. కిటికీ ఊచకు కట్టి, మోచెయ్యికి ఒంటికి మధ్య మడిచిన టవల్ పెట్టుకుని, ముంజేతిని బయటికి తిప్పాలి. పదిహేనుసార్లు చొప్పున మూడు సెట్లు, రోజు విడిచి రోజు. టవల్ జారి పడితే మోచెయ్యి దూరం పోయిందని అర్థం. గోడకు దండీలు తీస్తూ, పైకి వచ్చాక ఇంకొంచెం నెట్టి రెక్క ఎముకలను ముందుకు చాచాలి. బ్యాండ్‌ను ముఖం వైపు లాగే ఫేస్ పుల్, తేలిక బరువును ఒంటి వైపు లాగే రోయింగ్. చూసేవాళ్లకు ఇది పిల్లల ఆటలా ఉంటుంది. కానీ నన్ను నిలబెట్టింది ఇదే. ఇప్పటికీ వారానికి మూడు రోజులు చేస్తాను.

ఎంత నొప్పి వస్తే ఆగాలి అన్నదానికి ఆమె ఒక లెక్క చెప్పింది. పదికి మూడు దాకా నొప్పి ఉంటే చేయొచ్చు, మర్నాడు పొద్దుటికి మామూలు స్థితికి రావాలి. మూడు దాటినా, మర్నాటికీ మిగిలినా నిన్న ఎక్కువ చేసినట్టు, తగ్గించాలి, మానేయొద్దు. "తగ్గించాలి, మానేయొద్దు" అన్న ఆ మాట నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఏడో వారంలో నేల మీద పడుకుని డంబెల్ ప్రెస్ మొదలైంది. నేల మీదైతే మోచెయ్యి ఒంటి కంటే కిందికి దిగదు, కాబట్టి భుజం ముందు భాగం మీద లాగుడు తక్కువ. అరచేతులు ఎదురెదురుగా ఉంచి చేశాను. పన్నెండో వారంలో ఖాళీ రాడ్, 20 కిలోలు. ముప్పైల్లో ఉన్న మనిషి ఖాళీ రాడ్ ఎత్తుతుంటే చుట్టూ ఇరవై ఏళ్ల పిల్లలు చూస్తారు. చూడనివ్వు. వారానికి 2.5 కిలోలు, ఒక్కోసారి అది కూడా పెంచలేదు. మళ్లీ 80కి చేరేసరికి తొమ్మిది నెలలు దాటింది. ఆ తర్వాత నొప్పి తిరిగి రాలేదు.

బెంచ్ మీద పద్ధతి కూడా మార్చుకున్నాను. ఇంతకుముందు మోచేతులు ఒంటికి అడ్డంగా, సిలువ ఆకారంలో తెరిచి, రాడ్‌ను మెడ దగ్గరికి దించేవాణ్ని. ఇప్పుడు మోచేతులు ఒంటికి 45 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ, రాడ్ ఛాతీ కింది భాగానికి. పడుకోగానే రెక్క ఎముకలను వెనక్కి, కిందికి లాగి, బెంచ్‌కు అదిమి పెట్టి, చివరిసారి ఎత్తేదాకా వదలను. మరీ వెడల్పు పట్టు వద్దు. రాడ్‌ను స్టాండ్ నుంచి ఒంటరిగా లాక్కునేటప్పుడే చాలామంది భుజం జారవిడుస్తారు. బరువు ఎక్కువైతే వెనుక ఒకరిని నిలబెట్టుకో. మెడ వెనక్కి ప్రెస్ పూర్తిగా మానేశాను. డిప్స్ (రెండు కడ్డీల మీద చేతులు ఆనించి ఒంటిని దించి లేపడం) చేస్తే భుజం మోచెయ్యి కంటే కిందికి దిగేదాకా పోవద్దు. డంబెల్స్‌ను పక్కలకు ఎత్తే సైడ్ లాటరల్‌లో "చెంబుతో నీళ్లు ఒంపినట్టు" బొటనవేలు కిందికి తిప్పమని ఇప్పటికీ కొందరు చెబుతారు. ఆ సలహా వినకు, బొటనవేలు కొంచెం పైకే ఉండాలి. నెట్టే సెట్లు ఎన్ని చేస్తే లాగే సెట్లు కనీసం అన్ని చేయాలి. జూన్, జూలైలో బస్తాలు మోయక తప్పదు కాబట్టి, ఆ రెండు నెలలు బెంచ్ వారానికి ఒక్కరోజే.

షాట్‌పుట్ గురించి ఇంకో మాట. గుండు చేతితో విసిరేది కాదు, కాళ్లతో, నడుముతో పుట్టిన బలాన్ని చెయ్యి చివర్లో అందుకుంటుంది. 2022 తెలంగాణ కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో పురుషులకు 6 మీటర్లు పెట్టారు. జబ్బ బలంతోనే ఆ దూరం కొట్టాలని చూసేవాళ్ల భుజాలే ముందు పోతాయి. నొప్పి తగ్గేదాకా గుండు లేకుండా కాళ్ల కదలిక, నడుము తిప్పడం ప్రాక్టీస్ చెయ్యి. తర్వాత తేలిక గుండుతో, వారానికి రెండు మూడు రోజులు, రోజుకు పది పదిహేను విసుర్లు చాలు. రన్నింగ్, లాంగ్ జంప్ ఈలోగా ఆపాల్సిన పనే లేదు.

ఇవన్నీ నెమ్మదిగా మొదలైన నొప్పికి. బరువు ఎత్తుతుండగా టప్పుమని చప్పుడు వచ్చి చెయ్యి లేవకపోయినా, భుజం ఆకారం మారినా, చేతి వేళ్లు తిమ్మిరెక్కినా, పట్టు బలం తగ్గినా, జ్వరంతో కీలు వాచినా ఈ రాతలు పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఎడమ భుజం నొప్పితో పాటు చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువు ఉంటే అది గుండె కావచ్చు, ఆలస్యం చేయకూడదు. ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉండి, బరువులేవీ ఎత్తకుండానే భుజం బిగుసుకుపోతుంటే అది ఫ్రోజెన్ షోల్డర్ అయ్యే అవకాశం ఉంది. షుగర్ ఉన్నవాళ్లలో అది ఎక్కువ. దాని వైద్యం వేరు, దానికి నేను పైన రాసినవి చేయించొద్దు.

నీ విషయంలో ఈ వారం చేయాల్సినవి ఇవే. గుండు, బెంచ్ పక్కన పెట్టు. గోడను నెట్టే వ్యాయామం రోజూ చెయ్యి. కుదిరితే ఒక్కసారి ఫిజియోకు చూపించుకో, నీ చెయ్యి పట్టుకుని చూసి చెప్పేది నా రాతలో దొరకదు. ఒక నోట్‌బుక్‌లో పొద్దున లేవగానే నొప్పి పదికి ఎంత ఉందో రాసిపెట్టు, పక్కన నిన్న ఆ చేత్తో చేసిన పనులన్నీ రాయి, బండి మీద ఊరికి పోయి రావడంతో సహా. రెండు వారాల తర్వాత ఆ లెక్కతో ఇక్కడే కామెంట్ పెట్టు, కలిసి చూద్దాం.