ఓల్కియెనికి నవల రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ లిథువేనియా నవల మొదటి ఐదు అధ్యాయాలు చదివాను. ఓల్కియెనికి ఊరి దగ్గర కులీనులు, లిథువేనియాను గుప్పిట్లో పెట్టుకున్న సపియెహా వంశాన్ని ఓడించింది 1700 నవంబరు 18న. మర్నాడు ఒక రౌతు వచ్చి నార్వాలో రష్యా మీద స్వీడన్ గెలిచిందని చెబుతాడని రాశావు. ఆ రౌతును తీసెయ్. నార్వా యుద్ధం రష్యా లెక్కలో నవంబరు 19, స్వీడన్ లెక్కలో 20, లిథువేనియా లెక్కలో 30. రష్యాది జూలియన్ కేలెండరు, లిథువేనియాది గ్రెగోరియన్. స్వీడన్ ఆ ఏడాది ఒక్క లీపు రోజు వదిలేసి ఇటూ అటూ కాకుండా మధ్యలో ఇరుక్కుంది. అంటే నీ రౌతు మోసుకొచ్చిన యుద్ధం ఇంకా జరగనే లేదు, పదకొండు రోజులుంది! కాగితం మీద మూడు నిలువు గడులు గీసుకుని ప్రతి సంఘటనకూ మూడు తేదీలు వేసుకో. కథలో మాత్రం ఆ పాత్ర ఇంట్లో నడిచే తేదీయే ఉండాలి.

ఇది దిద్దడం తేలిక. సపియెహాలను మొదటి పుటలోనే స్వీడన్ తొత్తులుగా దించావు చూడు, దాన్ని దిద్దాలంటే సగం నవల తిరగరాయాలి. సపియెహాలకూ కులీనులకూ ఉన్న తగవు స్వీడన్, రష్యాల యుద్ధం కంటే పాతది. కాజిమీర్ యాన్ సపియెహా మహా హెట్మన్, అంటే సైన్యం అతనిది. తమ్ముడు బెనెడిక్ట్ కోశాధికారి. అన్న సైనికులను చర్చి భూముల్లో దించితే, 1694లో విల్నో బిషప్ బ్జోస్తొవ్‌స్కీ అతన్ని మతం నుంచి వెలివేశాడు. అయినా పదవి కదల్లేదు. ఎందుకంటే అక్కడ పెద్ద పదవులు జీవితాంతం ఉండేవి. రాజు ఇవ్వగలడు, వెనక్కి తీసుకోలేడు. ఈ ఒక్క ముక్క పాఠకుడికి ముందే అందకపోతే కత్తులు ఎందుకు లేచాయో అర్థం కాదు. పోలండ్‌కూ లిథువేనియాకూ అప్పుడు ఒకే రాజు; 1697లో లిథువేనియా పదవుల అధికారాలను పోలండ్ పదవుల స్థాయికి కుదిస్తూ చట్టం వచ్చింది. అమలు చేసేదెవరు? హెట్మన్‌ని ‘సేనాపతి’ అని రాస్తే ఈ చిక్కంతా మాయమైపోతుంది. హెట్మన్ అనే ఉంచు.

ఎదుటి పక్షాన్ని పేదల తిరుగుబాటులా చూపించకు. గుంపులో చిన్న కులీనులే ఎక్కువ. కానీ ముందు నడిచిన విష్నియొవీయెత్‌స్కీలు, ఒగీన్‌స్కీలు కూడా పెద్ద వంశాలవాళ్లే.

హెట్మన్ కొడుకు మిహావ్ చావు నీ నవలకు గుండెకాయ, దాన్ని రెండు పేరాల్లో దాటేశావు. అతను లొంగిపోయాడు, ఫ్రాన్సిస్కన్ మఠంలో ఉంచారు, మర్నాడు కులీనుల గుంపు నరికి చంపింది. వాళ్లు జీతం తీసుకునే సైనికులు కారు, పిలుపు అందుకుని ఇళ్ల నుంచి గుర్రాలెక్కి వచ్చినవాళ్లు. ప్రతివాడూ తాను నాయకుడితో సమానమనుకుంటాడు. అక్కడ ‘ఆగండి’ అన్న మాటకు ఎంత విలువుంటుందో ఆ గదిలో చూపించు.

ఓడాకే సపియెహాలు స్వీడన్ రాజు చార్లెస్ 12 పంచన చేరారు, గెలిచినవాళ్లు రష్యా జార్ పీటర్ సాయం కోరారు. ఓల్కియెనికిలో గెలిచిన మిహావ్ సెర్వాత్సీ విష్నియొవీయెత్‌స్కీ 1707లో స్వీడన్ నిలబెట్టిన పోలండ్ రాజు లెష్చిన్‌స్కీ వైపు దూకాడు. అతన్ని మచ్చలేని వీరుణ్ణి చేశావు కాబట్టి, ఆ ఏడాది వచ్చేసరికి నీ కథ నడవదు. రెండో అధ్యాయం నుంచే దిద్దుకుంటూ రా.

మీ అన్నయ్య