నొక్కితే నొప్పి... కానీ అది మీ నొప్పేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. కొన్ని నెలలుగా కుడి చెవి దగ్గర నొప్పి. ఆవలించినా, గట్టివి నమిలినా ఎక్కువవుతోంది. చెవిలో ఏమీ లేదని చెవి డాక్టరు చెప్పారు. పళ్ల డాక్టరేమో చెవి ముందు, బుగ్గల మీద, కణతల మీద వేళ్లతో నొక్కి చూసి దవడ కీలు సమస్య అన్నారు. ఎక్స్‌రే కూడా తీయలేదు. నొక్కితే ఎవరికైనా నొప్పి పుడుతుంది కదా? నేనూ రోజూ నొక్కి చూసుకుంటున్నాను, నొప్పి ఇంకా పెరిగినట్టుంది. ఆ పరీక్షను నమ్మొచ్చా? – ఓ పాఠకురాలు

జవాబు: మీ సందేహం సబబేనమ్మా. గట్టిగా నొక్కితే నాకూ నొప్పి పుడుతుంది. అందుకే మేం ‘నొప్పిగా ఉందా?’ అని అడిగి ఊరుకోం. ‘ఇన్నాళ్లూ మిమ్మల్ని వేధిస్తున్న నొప్పి ఇదేనా?’ అని అడుగుతాం. కొందరు నా చెయ్యి పట్టుకుని మరీ ‘ఆ, అదే, అదే’ అంటారు. ఇంకొందరు ‘నొప్పే గానీ, ఇది వేరు’ అంటారు. ఈ రెండో జవాబు వస్తే ఆ చోటిని లెక్కలోకి తీసుకోను.

ఎంత బలంగా నొక్కాలన్నదానికీ లెక్కుంది. అంతర్జాతీయ నిపుణులు 2014లో ప్రచురించిన ప్రమాణాల ప్రకారం బుగ్గ, కణత కండరాల మీద సుమారు కిలో బరువు పడేలా, కీలు కొస మీద అరకిలో పడేలా నొక్కాలి. చేతికి ఆ అంచనా రావాలంటే సాధన కావాలి. వంటింట్లో వాడే డిజిటల్ త్రాసును వేలితో నొక్కి చూడండి, అరకిలో అంటే ఎంత తక్కువో తెలుస్తుంది. మీరు రోజూ నొక్కుకుంటున్నది అంతకు రెట్టింపే ఉంటుందని నా అనుమానం. పదేపదే పొడిస్తే బాగున్న కండరం కూడా మూలుగుతుంది. ముందు అది మానేయండి.

కీలు ఎక్కడుందో తెలియాలంటే చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపెకు కాస్త ముందు వేలు ఆనించి, నోరు తెరిచి మూయండి. వేలి కింద ఎముక జరుగుతుంది. అదే కీలు. టక్కుమంటే కంగారు పడకండి. నొప్పి, పట్టేయడం లేని చప్పుడుకు సాధారణంగా వైద్యం అక్కర్లేదు.

చెవి బాగానే ఉన్నా అక్కడెందుకు నొప్పి అంటారా? దవడ బిగిస్తే బుగ్గ మీద గట్టిపడే కండరం ఉంటుంది కదా, దాన్ని ఐదు సెకన్లు అలాగే నొక్కి ఉంచితే కొందరికి నొప్పి చెవిలోకో, దంతంలోకో పాకుతుంది. ఇది తేల్చుకోకుండా మంచి పన్నుకు రూట్ కెనాల్ చేయించుకుని వచ్చినవాళ్లను చూశాను. నోటి లోపల వెనక్కి వేలు పెట్టి నొక్కే పరీక్ష కూడా ఒకటుంది. అక్కడ నొక్కితే ఏ సమస్యా లేనివాళ్లకూ నొప్పి పుడుతుంది కాబట్టి దాన్ని నేను నమ్మను.

నొక్కడంతోనే పరీక్ష అయిపోదు. నోరు ఎంత తెరుచుకుంటోందో స్కేలుతో కొలవాలి. మామూలుగా పెద్దవాళ్లకు పై, కింది ముందుపళ్ల మధ్య 40 మిల్లీమీటర్లో, అంతకన్నా ఎక్కువో వస్తుంది. తెరిచేటప్పుడు గడ్డం ఒక పక్కకు లాగుతోందా, ఆ కదలికతో మీ నొప్పే వస్తోందా అన్నదీ చూడాలి. మీ డాక్టరు ఇవి చూడకపోతే చూడమని అడగండి, మొహమాటపడొద్దు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, నొప్పి కనిపించదు. ఎముకలో మార్పు ఉందన్న అనుమానం వస్తే తీయిస్తారు. కీలులో ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్క్ కనిపించాలంటే ఎంఆర్ఐ కావాలి, అది మొదటి రోజే అవసరం పడదు.

ఈలోపు పెద్దగా ఆవలించేటప్పుడు గడ్డం కింద చెయ్యి ఆనించండి. టెన్షన్‌లో పళ్లు బిగిస్తున్నారేమో గమనించుకోండి. నమలనప్పుడు పెదాలు కలిసి ఉన్నా పళ్లు మాత్రం ఎడంగా ఉండాలి. వాపు, జ్వరం, ముఖం మొద్దుబారడం, నోరు రానురాను తక్కువగా తెరుచుకోవడం ఉంటే ఆలస్యం చేయొద్దు. 50 దాటినవాళ్లలో నమిలితే దవడ నొప్పితోపాటు కొత్తగా తలనొప్పి గానీ, చూపు మసకబారడం గానీ మొదలైతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అది కీలు సమస్య కాకపోవచ్చు, తల రక్తనాళాల వాపు కావచ్చు.