అక్కా, మలావీ పల్లెలో ఏం తిన్నారు?

నేనూ మా ఆయనా రెండేళ్లు ఆఫ్రికాలోని మలావీ దేశం దక్షిణాన ములాంజే కొండ కింద ఒక పల్లెలో వాలంటీర్లుగా ఉండి స్కూల్లో లెక్కలు, సైన్సు చెప్పొచ్చామని పోయినసారి రాశాను కదా, దానికి ప్రశ్నలు చాలానే వచ్చాయి. అన్నిటికీ రాయలేను, ఎక్కువమంది అడిగినవి తీసుకున్నా.

కర్నూలు నుంచి ఒక పాఠకురాలు: అక్కా, మేం శాకాహారులం. అక్కడ తిండికి ఇబ్బంది అవ్వదా?

అవ్వదమ్మా. మాది అనంతపురం వైపు, మొదటిరోజు పళ్లెం చూడగానే నవ్వొచ్చింది, అది మన సంగటే! న్సీమా అంటారు, రాగి కాదు తెల్ల మొక్కజొన్న పిండి. ఎసట్లో పోసి పెద్ద తెడ్డుతో కలుపుతారు, గట్టిపడేకొద్దీ భుజాలు పడిపోతాయి. నేను కలిపితే మొదటి వారమంతా ఉండలే, పక్కింటావిడ నవ్వలేక నా చేతిలోంచి తెడ్డు లాక్కుంది. తినేది చేత్తోనే, తినేముందు ఒకరు చెంబుతో చేతుల మీద నీళ్లు పోస్తారు. నంజుకోడానికి గుమ్మడాకు కూర, అందులో శనక్కాయల పొడి వేసి వండుతారు, ఇక్కడికొచ్చాక కూడా నేను అది చేస్తూనే ఉన్నా. ఇంక కందులంటారా, ఆ వైపు మొక్కజొన్న చేలల్లో ఎక్కడ చూసినా కంది చెట్లే, నండోలో అంటారు, కానీ మనలా పప్పు చేసుకోరు, గింజలు అలాగే ఉడకేసుకుంటారు. 2021లో మన ప్రభుత్వం ఏడాదికి 50 వేల టన్నుల చొప్పున ఐదేళ్లు అక్కడి కందులు దిగుమతి చేసుకునేలా ఒప్పందం చేసుకుంది, అంటే మీ ఇంటి పప్పులో కూడా అక్కడి గింజ పడే ఉండొచ్చు. కోడి తినమని మాత్రం ముందే చెప్పేయండి, చుట్టాలొస్తే కోడి కోయడం వాళ్లకి మర్యాద, కోశాక వద్దంటే బాగోదు.

ఒక్క మాట. జనవరి నుంచి మార్చి దాకా అక్కడ ఆకలి నెలలు. నవంబర్లో వానలొస్తే విత్తుతారు, ఏప్రిల్ దాకా పంట చేతికి రాదు, ఇంట్లో పాత పిండేమో అప్పటికే అయిపోయి ఉంటుంది. అయినా భోజనానికి పిలుస్తారు. మేం ఆ నెలల్లో ఎవరింటికెళ్లినా ఓ సంచి పిండి పట్టుకెళ్లేవాళ్లం.

వరంగల్ నుంచి ఒక బీటెక్ కుర్రాడు: వాలంటీరుగా పంపడానికి ఏజెన్సీ వాళ్లు ప్రోగ్రామ్ ఫీజు లక్షన్నర అంటున్నారు. కట్టొచ్చా?

కట్టకు తమ్ముడూ. 1970లో మొదలైన ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం ఉంది, వాళ్లు ఏ దశలోనూ ఫీజు అడగరు, పైగా నెలనెలా ఖర్చులకి డబ్బులిస్తారు. ముందు దాని వెబ్‌సైట్ చూడు.

గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు: నాకు 61. వెళ్తే నిజంగా ఉపయోగపడతానా?

మాస్టారూ, మొదటి మూడు నెలలు మీరే ఊరికి బరువు, ముందే అనుకుని వెళ్లండి. నేను బోరు దగ్గరికి బకెట్ పట్టుకెళ్లి మన బిందెలాగా నడుం మీద పెట్టుకుని నడిచా, సగం నీళ్లు చీర మీదే, లైన్లో ఆడవాళ్లంతా ఒకటే నవ్వు. తర్వాత వాళ్లే గుడ్డ చుట్టి చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టడం నేర్పారు. మాట్లాడటం కూడా అంతే, పొద్దున్నే కనపడితే "మ్వాడ్జుకా బ్వాంజీ" అంటే ఎలా లేచారూ అని అడగాలి, బాగా లేచాను మీరో అని వాళ్లంటారు, ఇదంతా అయ్యాకే పని మాట. నేరుగా చాక్‌పీసులున్నాయా అంటే మర్యాద తెలీనివాళ్ల కింద లెక్క.

స్కూలు సంగతంటే, 1994లో ప్రైమరీ చదువు ఉచితం చేశాక పిల్లలు విరగబడి చేరారు, చిన్న క్లాసుల్లో వందమంది దాటడం మామూలే. దాంతో మనం వెళ్లగానే క్లాసు మనమే తీసుకోవాలనిపిస్తుంది. మేం మొదటి టర్మ్ ఆ తప్పే చేశాం, మా ఆయన లెక్కలు చెప్తుంటే అక్కడి టీచరు స్టాఫ్‌రూంలో కూర్చునేవాడు, మేం వచ్చేస్తే ఏం మిగులుతుంది చెప్పండి. తర్వాత ఇద్దరూ కలిసి పాఠం రాసుకుని ఆ టీచరే అక్కడి భాష చిచేవాలో వివరించేవాడు, మా ఆయన బోర్డు మీద లెక్కలు చేసేవాడు. మీకు ముప్పయ్యేళ్ల అనుభవం ఉంటే పిల్లలకి కాదు, అక్కడి టీచర్లకి పక్కన కూర్చోండి.

విజయవాడ నుంచి ఒక అమ్మ: మా అమ్మాయి వెళ్తానంటోంది. జబ్బుల భయం.

భయం తప్పు కాదు, అక్కడి మలేరియా మన దగ్గరి మామూలు చలిజ్వరం లాంటిది కాదు. దోమతెర రోజూ కట్టాల్సిందే, మలేరియా రాకుండా డాక్టరు డాక్సీసైక్లిన్ లాంటి మందు రాస్తే తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వాడాలి. జ్వరం తగిలితే ఆ రోజే టెస్టు. మలావీ సరస్సు అద్దంలా ఉంటుంది గానీ ఒడ్డున నత్తల వల్ల వచ్చే బిల్హార్జియా అనే జబ్బు ఉంది, నీళ్లలోని దాని పురుగు చర్మంలోంచి లోపలికి వెళ్తుంది, మీ అమ్మాయి సరస్సులో దిగిందంటే వచ్చాక డాక్టరుకి చెప్పాలి. ఫోన్ విషయంలో బెంగ వద్దు, మనకి రాత్రి ఎనిమిదైతే వాళ్లకి నాలుగున్నర.

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు: మనోళ్లని అక్కడ ఎలా చూస్తారు?

తెల్లోళ్లని అజుంగు అంటారు, మనల్ని అమ్వేన్యే. బ్లాంటైర్, లింబే పట్టణాల వైపు మనదేశం వాళ్ల దుకాణాలు తరాల నుంచీ ఉన్నాయి, అందుకని ఇండియన్ అంటే షావుకారే అని వాళ్ల లెక్క. మా ఎదురింటి పెద్దాయన రెండేళ్లూ మమ్మల్ని కొట్టు ఎప్పుడు తెరుస్తారని అడుగుతూనే ఉన్నాడు. మేం సామాన్లు సర్దుకుని సైకిల్ టాక్సీ ఎక్కుతుంటే వచ్చి చెయ్యి పట్టుకుని, సరుకు తేవడానికేనా వెళ్తున్నారు అన్నాడు.