టెక్ సందేహాలు: కరెంటు లేని అడవిలో ఏ ఫ్రిజ్?

ప్రశ్న: మేం అమెరికాలోని ఫీనిక్స్‌లో ఉంటాం. పాత క్యాంపింగ్ ట్రైలర్ కొన్నాం. వేసవి సెలవుల్లో ఫ్లాగ్‌స్టాఫ్ అడవుల్లో, కరెంటు కనెక్షన్ లేని చోట నాలుగు రోజులు ఉంటాం. ట్రైలర్‌లోని గ్యాస్ ఫ్రిజ్ పాడైంది. మళ్లీ అదే పెట్టించాలా, 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ కొనాలా? పైకప్పు మీద 200 వాట్ల సోలార్ ప్యానెల్, లోపల 100 యాంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్నాయి. మా అత్తయ్యగారి ఇన్సులిన్ కూడా ఫ్రిజ్‌లోనే పెట్టాలి.

జవాబు: ఇన్సులిన్ ఉందన్నారు కాబట్టి కంప్రెసర్ ఫ్రిజ్ తీసుకోండి. ఇంకా వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. గ్యాస్ ఫ్రిజ్‌తో ఆ నమ్మకం తక్కువ. చిన్న మంట అమ్మోనియా ద్రావణాన్ని వేడిచేయడంతో అది నడుస్తుంది. చప్పుడు ఉండదు, బ్యాటరీ ఖర్చూ తక్కువే. కానీ ఎండ ముదిరితే చల్లదనం తగ్గుతుంది. ట్రైలర్ వాలుగా నిలిస్తే ద్రావణం సరిగా పారక యూనిట్ పూర్తిగా పాడైపోవచ్చు. పైగా ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉంది. 5,500 అడుగులు దాటితే గాలి పలచబడి మంట ఇబ్బంది పెట్టవచ్చని తయారీదారులే చెబుతారు.

అసలు చిక్కు మీ బ్యాటరీతోనే. మధ్యరకం కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకు సుమారు 50 యాంపియర్ అవర్లు (బ్యాటరీలో నిల్వ ఉండే కరెంటుకు కొలత) తాగుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. అంటే లైట్లు, నీళ్ల పంపు కలిపితే ఒక్క రోజు గడవడమే గగనం. అందుకే 100 యాంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వేయించండి. దాన్ని దాదాపు మొత్తం వాడుకోవచ్చు కాబట్టి, ఎండ లేకపోయినా సుమారు ఒకటిన్నర రోజు టెన్షన్ ఉండదు. ఛార్జర్‌లో, సోలార్ కంట్రోలర్‌లో (ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపుచేసే పరికరం) లిథియం సెట్టింగ్ ఉందో లేదో ముందే చూసుకోండి.

ఇంకో సంగతి. ఆ అడవుల నిండా పైన్ చెట్లే. నీడలో నిలిపితే ఫ్రిజ్‌కు హాయి, పైకప్పు ప్యానెల్‌కు మాత్రం పస్తు. మడతపెట్టే ప్యానెల్ ఒకటి అదనంగా కొని, పొడవాటి కేబుల్‌తో ఎండలో పెట్టండి. ట్రైలర్ నీడలోనే ఉండనివ్వండి. బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కు మందమైన రాగి తీగను ఫ్యూజుతో విడిగా లాగించండి. పాత సన్నటి తీగలో వోల్టేజి పడిపోయి, బ్యాటరీ నిండుగా ఉన్నా ఫ్రిజ్ ఆగిపోతుంది. పాత గ్యాస్ పైపును మాత్రం ఆ పని తెలిసిన మెకానిక్‌తోనే మూయించాలి. ఇది మీరు చేసే పని కాదు.

బయల్దేరే ముందురోజే ఇంట్లో ప్లగ్గు పెట్టి ఫ్రిజ్‌ను చల్లబరచండి. పెరుగు, ఇడ్లీ పిండి ఇంటి ఫ్రిజ్‌లో బాగా చల్లబడ్డాకే ఇందులోకి మార్చండి. ఇన్సులిన్ ఫ్రీజర్ గోడకు తగలకూడదు, ఒక్కసారి గడ్డకడితే ఇక పనికిరాదు. పక్కనే చిన్న థర్మామీటర్ పెట్టండి.

ప్రశ్న: విజయవాడ నుంచి కారులో ఊళ్లు తిరుగుతుంటాం. లైటర్ సాకెట్‌కు పెట్టే చవక కూలర్ బాక్స్ ఫ్రిజ్‌లా పనిచేస్తుందా?

జవాబు: పనిచేయదు. అందులో కంప్రెసర్ ఉండదు. బయటి వేడికంటే సుమారు 20 డిగ్రీలు తగ్గించడమే దానికి గొప్ప. కారులో 42 డిగ్రీలుంటే లోపల 22. పాలు, మందులు అందులో పెట్టకండి. ముందే చల్లబరిచిన నీళ్ల సీసాలకైతే సరిపోతుంది.